భీమిలిలో ఎవరు ఎక్కడ తిన్నారు

ఈ సంచిక సంపాదకులు నన్ను అడిగింది చిన్న పని. స్వర్ణోత్సవాలకు హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి, అమెరికా నుంచి మనవాళ్ళు భార్యాబిడ్డలతో వస్తున్నారట. "భీమిలిలో ఎక్కడ తినాలి, ఎక్కడ తాగాలి" అని ఫోన్లు చేస్తున్నారట. ఒక పేజీలో రాసిపెట్టండి మాస్టారూ అన్నారు. ముప్పై ఏళ్ళు సోషల్ పాఠం చెప్పినవాడికి ఇలాంటి పని అప్పజెప్పకూడదు. ఎక్కడ తినాలి అని మొదలుపెడితే ఎవరు ఎక్కడ తిన్నారు అన్న దగ్గరికి పోయాను. హోటళ్ళ జాబితా కోసం పేజీలు తిరగేసేవాళ్ళు చివరికి పోండి, కొంత దొరుకుతుంది.

మన ఊరి చరిత్ర ఎవరు రాసినా డచ్చివాళ్ళతో మొదలుపెడతారు. పదిహేడో శతాబ్దంలో వచ్చారు, బట్టల వ్యాపారం చేశారు, 1825లో ఊరిని ఇంగ్లీషువాళ్ళకు అప్పగించారు. వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పుడు వాటి మీద కూర్చుని జీడిమామిడి పళ్ళు తిన్నవాళ్ళు ఈ సంచిక చదివేవాళ్ళలో చాలామందే ఉంటారు. నూటయాభై ఏళ్ళకు పైగా ఉన్న ఆ జాతి మన వంటింట్లో ఒక్క గిన్నె కూడా వదలలేదు. జీడిమామిడి చెట్టూ, పులుసులో వేసే మిరపకాయా ఈ దేశానికి వచ్చింది పోర్చుగీసువాళ్ళ ఓడల్లో. డచ్చి కంపెనీ ఓడల్లో బటావియా సారా పీపాలు తిరిగేవి గానీ అది వాళ్ళ తాగుడు. ఊరివాళ్ళకు తాటిచెట్టు ఉండనే ఉంది.

తిండి చరిత్రకు పనికొచ్చేది ఆ తరువాతి రేవు కాలం. పందొమ్మిదో శతాబ్దంలో మనది పేరున్న రేవు. 1861లోనే ఇక్కడ మున్సిపాలిటీ వచ్చిందంటే ఆ సందడి వల్లే. ఓడలు ఒడ్డుదాకా రావు, లోపల లంగరు వేసుకుని ఉంటాయి. మసూలా పడవల మీద సరుకు మోసుకెళ్ళేది మన పల్లెవాళ్ళు. ఆ సరుకుల్లో ఒకటి గోగునార. ప్రపంచ మార్కెట్లో దాని పేరే బిమ్లిపటం జూట్, ఇప్పటికీ నార వ్యాపారుల పుస్తకాల్లో బిమ్లి జూట్ అనే ఉంటుంది. ఆ గోగుమొక్క ఆకే మన గోంగూర. నార ఊరి పేరు మోసుకుని సముద్రం దాటింది, ఆకు మన పళ్ళెంలో ఉండిపోయింది. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు నమ్మేవారు కాదు. పుస్తకంలో ఉన్నవే నిజాలు అనుకునే వయసు.

సరుకుతోపాటు మనుషులూ పోయేవారు. ఈ తీరం రేవుల నుంచి రంగూను వెళ్ళిన కూలీలు వేలల్లో. ఓడ వచ్చేదాకా వాళ్ళు ఎక్కడ తిన్నారు? ఉన్నవాళ్ళకు సత్రాలు. అంతకన్నా కాస్త చేతిలో పైసలున్న పెద్దకులం బాటసారికి పూటకూళ్ళ ఇల్లు. పూటకింత అని డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టే ఇళ్ళవి, నడిపేవాళ్ళు తరచుగా బ్రాహ్మణ వితంతువులు. పక్కనున్న విజయనగరంలో గురజాడ వారు కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మను పాత్రగా పెట్టారు. ఆ నాటకం మొదటిసారి ఆడింది 1892లో. మనం ఆ పాత్రను చూసి నవ్వుకుంటాం గానీ, వేరే ఏ పనీ చెయ్యనివ్వని లోకంలో వంట ఒక్కదానితో బతికిన ఆడవాళ్ళ కథ అది. ఇప్పుడు ఇంటిభోజనం అని బోర్డులు పెట్టే మెస్సులన్నిటికీ అమ్మమ్మ ఆమే.

ఇక రంగూను వెళ్ళే కూలీకి పూటకూళ్ళమ్మ గుమ్మం కూడా లేదు. ఇసుకలో మూడు రాళ్ళు, ఒక కుండ, చోడి అంబలి, నంజుకోవడానికి కాల్చిన ఎండుచేప. సముద్రం ఒడ్డున ఆరుబయట వండుకు తినడాన్ని ఇప్పుడు రిసార్టులవాళ్ళు రాత్రికి వేలు తీసుకుని ఏర్పాటు చేస్తున్నారు. దాన్ని మొదట చేసినవాళ్ళకు వేరే దారి లేదు.

తరువాత రైలు మార్గం మనల్ని తప్పించి లోపలినుంచి పోయింది. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. లోతునీటిలో ఓడ గోడకు ఆనుకుని నిలబడే రేవు పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉంటే, పడవలతో మోసే రేవుకు ఎవరొస్తారు? ఊరు నిద్రపోయింది. గంటస్తంభం, లైటుహౌసు, బంగళాలు, ఎండబెట్టిన వలలు. నేను హైస్కూల్లో చేరిన 1968 నాటికి భీమిలి అలాంటి ఊరు.

అప్పుడు బజారులో కాఫీ హోటళ్ళు రెండో మూడో ఉండేవి. పేర్లు రాయను, వాటి మనవలు మన సంఘంలో సభ్యులు. పొద్దున్న ఇడ్లీ, ఉప్మా పెసరట్టు, సాయంత్రం బజ్జీ, రోజంతా కాఫీ. ఒక హోటల్లో ముందు గదిలో నల్లరాతి బల్లలు, వెనక వసారాలో పొడుగు బెంచీలు. ముందు గదిలో కూర్చునేవాళ్ళు ఎవరో, వసారాలో ఎవరో, రోడ్డు మీద నిలబడి సత్తుగ్లాసుతో తాగేవాళ్ళు ఎవరో ఏ బోర్డు మీదా రాసి ఉండేది కాదు. అందరికీ తెలుసు. తాగిన గ్లాసు తామే కడిగి కిటికీలో బోర్లించిపోయేవాళ్ళు నా క్లాసులో నలుగురు ఉండేవారు. పేట నుంచి వచ్చే ఇద్దరు, పల్లె నుంచి వచ్చే ఇద్దరు. పేట పిల్లలకు కులం అడ్డం, పల్లె పిల్లలకు "చేపల వాసన" అనే మాట అడ్డం. రెండూ ఒకటి కావు, కానీ ఇద్దరూ నిలబడే చోటు ఒకటే.

రాజ్యాంగం 1950లోనే దీన్ని తేల్చేసింది. పదిహేనో అధికరణం రెండో భాగంలో దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరుపేరునా రాశారు. అంత పెద్ద గ్రంథంలో కాఫీ హోటలు ప్రస్తావన ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఆనాటి మన బజారు చూసి ఉండాలి. 1955లో అంటరానితనం నేరమని చట్టమూ వచ్చింది. మా కిటికీలో గ్లాసులు 1971లో కూడా బోర్లించే ఉన్నాయి.

మా సోషల్ మాస్టారు ఆ పాఠం చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. పాఠం అయిపోయాక, "పదండ్రా, ప్రాక్టికల్స్ సైన్సువాళ్ళకేనా ఏం" అన్నారు. ఆరుగురిని వెంటబెట్టుకుని హోటలుకు తీసుకెళ్ళారు. అందులో నేనున్నాను, పేట కుర్రాడొకడు ఉన్నాడు, పల్లె కుర్రాడొకడు ఉన్నాడు. తిన్నగా ముందు గదిలోకి నడిచి నల్లరాతి బల్ల దగ్గర అందరినీ కూర్చోబెట్టారు. యజమాని గల్లాపెట్టె దగ్గరనుంచి చూశాడు, ఏమీ అనలేదు. మాస్టారి దగ్గర వాళ్ళబ్బాయి ట్యూషన్ చదువుతున్నాడు. ప్లేటు ఇడ్లీ పావలా. సర్వరు మాస్టారికీ మా నలుగురికీ స్టీలు ప్లేట్లలో తెచ్చి పెట్టాడు. మిగతా ఇద్దరికీ అడ్డాకులో తెచ్చాడు.

ఎవరూ మాట్లాడలేదు. మాస్టారు తన ప్లేటు పక్కకు జరిపి, "నాకూ ఆకే తే బాబూ. ఆకులో తింటే రుచి" అన్నారు. మేము నలుగురమూ ప్లేట్లు జరిపేశాం. సర్వరు అయిదు ఆకులు తెచ్చాడు. తిన్నాం. లేచేటప్పుడు మాస్టారు ఆ ఇద్దరి ఆకులూ తన ఆకుతో కలిపి మడిచి తానే తీసుకెళ్ళి తొట్టిలో పడేశారు. మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళారు. మూడో రోజు ఏడు స్టీలు ప్లేట్లు వచ్చాయి. జీతాలు అంతంతమాత్రమైన ఆ రోజుల్లో మూడు రోజులకు ఆయనకు అయిదు రూపాయలకు పైన ఖర్చయింది. ఆయన పేరు ఇక్కడ రాయకపోయినా మన బ్యాచీలవాళ్ళు పోల్చుకుంటారు. ఆయన అచ్చులో పేరు ఇష్టపడే మనిషి కాదు.

ఒక్క హోటలు మూడు రోజుల్లో మారిందని ఊరు మారిందని కాదు. సత్తుగ్లాసులు పోవడానికి మరో పదేళ్ళు పట్టింది. అందులో కొంత చట్టం, కొంత చదువులు, కొంత చిట్టివలస జూట్ మిల్లు. షిఫ్టు దిగి వచ్చే కార్మికులు గుంపుగా వస్తారు, డబ్బులిస్తారు, బల్ల ఎవరిదని అడగరు. టీ దుకాణాలు పెరిగిందీ వాళ్ళ కోసమే. మన ఊళ్ళో కాఫీ వీధిది, టీ ఒడ్డుది, మిల్లుది. టీ దుకాణంలో కూర్చోవడానికి మొదటినుంచీ పెద్ద పట్టింపు లేదు, కూర్చోవడానికి చోటే లేదు గనక.

ఇప్పుడు నన్ను ఎప్పటినుంచో పట్టి పీడిస్తున్న ప్రశ్న. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, తెల్లారేసరికి తెప్పలనిండా చేప. మరి మా చిన్నప్పుడు ఊళ్ళో ఏ హోటల్లోనూ చేప ఎందుకు దొరికేది కాదు? కాఫీ హోటళ్ళు శాకాహారం. తరువాత వచ్చిన మిలిటరీ హోటల్లో కోడి, మేక. చేప తినాలంటే ఎవరింట్లోనో తినాలి. హోటలంటే బయటినుంచి వచ్చినవాళ్ళ కోసం, బజారువాళ్ళ కోసం. ఊరి అసలు వంట చేతనైనవాళ్ళకు బజారులో గది అద్దెకిచ్చేవాళ్ళు లేరు, పెట్టుబడి ఇచ్చేవాళ్ళు లేరు. చేప పచ్చిదిగానో ఎండుదిగానో అమ్ముకోవచ్చు, వండి అమ్మడానికి లేదు.

మా ఇంట్లో చేప వండరు. నేను చేప తిన్నది ఆ పల్లె మిత్రుడి ఇంట్లో. వాళ్ళమ్మ ఉదయం గంపతో ఊళ్ళు తిరిగి మధ్యాహ్నానికి వచ్చేది. మిగిలినదే వంట. నెత్తళ్ళయితే చింతకాయ తొక్కి పులుసు, చివర చిన్న బెల్లంముక్క. కవళ్ళయితే నిప్పుల మీద. సొరచేప దొరికితే ఉడకబెట్టి, ముళ్ళు తీసి, పొడిపొడిగా పిట్టు. అది బాలింతలకు ప్రత్యేకం, మాకు అడుగున మిగిలింది. వంజరం, చందువా వాళ్ళింట్లో నేనెప్పుడూ చూడలేదు. అవి ఖరీదు చేపలు, ఒడ్డునే వేలంలో పోతాయి. "మంచిది అమ్ముకోవాలి, రుచైనది తినాలి మేష్టారు బాబూ" అనేది ఆమె, నేను మాస్టరీ ట్రైనింగులో చేరాక. ఇప్పుడు హోటలు మెనూల్లో చందువా ఫ్రై అన్నిటికన్నా పైన ఉంటుంది. నెత్తళ్ళ పులుసు ఎక్కడా ఉండదు. ఆమె మాట ప్రకారం చూస్తే మనం ఇంకా అమ్ముకునే చేపే తింటున్నాం.

తాగేదాని సంగతీ రాయమన్నారు కదా. ఈ జిల్లాలో తాటికల్లు ఎండాకాలం పంట. గీసేవాళ్ళు శ్రీశయనులు, యాతలు. ముంజలు ఏప్రిల్, మేల్లో, తాటిపండు భాద్రపదంలో, తేగలు సంక్రాంతికి. ఏడాదిపొడుగునా అన్నం పెట్టే చెట్టది. మద్రాసు రాష్ట్రంలో 1948లో మద్యనిషేధం అంతటా వచ్చినప్పుడు వీధినపడ్డది ముందు ఈ గీతవాళ్ళే. 1954లో ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయింది కూడా ఈ నిషేధం గొడవలోనే, ఒక్క ఓటు తేడాతో. తరువాత సారా ప్యాకెట్ల కాలం. దానికి ఎదురు తిరిగింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు, 1992లో. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం నిషేధం వచ్చింది, 1997లో అదీ పోయింది. ఆ రెండేళ్ళలో మా క్లాసుకు పల్లె పిల్లలు నోటుపుస్తకాలతో వచ్చారని నా రిజిస్టరు చూసి కాదు, కళ్ళతో చూసి చెబుతున్నాను. నిషేధం తప్పా ఒప్పా అని వాదించే పెద్దలు ఆ రెండు పక్కలనూ చూడాలి. గీతవాడి కుండ వేరు, ప్యాకెట్టు వేరు. ప్రభుత్వాలు రెంటినీ ఒకే గాట కట్టాయి.

పిల్లల తాగుడు గోళీసోడా. మెడలో గోళీ ఇరికించిన ఆ సీసా 1870ల నాటి ఇంగ్లీషు కనిపెట్టుడు. అక్కడ ఎప్పుడో మ్యూజియంలోకి పోయింది, మన బస్టాండులో నిన్నమొన్నటిదాకా పేలింది.

యాత్రికుల భీమిలి నా కళ్ళముందే మొదలైంది. కార్తీకమాసంలో విశాఖ నుంచి వనభోజనాలకు వచ్చేవాళ్ళు సొంత పులిహోర తెచ్చుకునేవారు, ఊళ్ళో కొనేది సోడా, అరటిపళ్ళు. తరువాత సినిమా షూటింగులు, బీచిరోడ్డు, కార్లు. మురీ మిక్చరు బళ్ళు విశాఖ నుంచి మెల్లగా ఇటు పాకాయి. ఆ మురీ అనే మాట ఒడియా ముఢికి చుట్టం, మన ఉత్తరాంధ్ర నాలుక అటూ ఇటూ రెంటికీ చెందింది. 2013లో మన పాత మున్సిపాలిటీ మహా విశాఖలో కలిసిపోయింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి ఒడ్డునున్న పాకలు, బళ్ళు తుడిచిపెట్టింది. మళ్ళీ కట్టుకున్నప్పుడు పాకల స్థానంలో పక్కా హోటళ్ళు వచ్చాయి. చేప చివరికి బజారులోకి, ఏసీ గదిలోకి వచ్చింది. సంతోషమే. కానీ ఆ వంటశాలల్లో పల్లె ఆడవాళ్ళు చేపలు తోమేచోట కనిపిస్తారు, పొయ్యి దగ్గర కనిపించరు. నెత్తళ్ళు ఎండబెట్టుకునే ఇసుక మీద ఇప్పుడు కుర్చీలున్నాయి. వాసన వస్తోందని యాత్రికులు ఫిర్యాదు చేస్తున్నారట. ఆ వాసన మాట నేను మొదటిసారి విన్నది మన బళ్ళోనే.

ఇక జాబితా. పొద్దున్న టిఫిను బజారులో చెయ్యండి, బీచిలో కాదు. ఊరివాళ్ళు ఎక్కడ నిలబడి తింటున్నారో అక్కడ పెసరట్టు బాగుంటుంది. ముంజలు బీచిరోడ్డు మీద, లేతవి చూసి, మీ ఎదురుగా కోయించుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో పెద్ద వంజరం ముక్క తాజాదని ఎవరైనా చెబితే ఐసు పెట్టెను ఒకసారి చూపించమనండి. తెప్పలవాళ్ళు తెచ్చే చిన్నచేప అప్పుడూ దొరుకుతుంది. సాయంత్రం టీకి గోస్తని సంగమం దగ్గర చిన్న దుకాణాలే మేలు.

సభ రెండోరోజు భోజనానికి విశాఖ క్యాటరింగుతో మాట్లాడామని కార్యవర్గం చెప్పింది. అందరికీ అభ్యంతరం లేకుండా శాకాహారం అన్నారు. శాకాహారం ఉండనివ్వండి, నా మొదటి వరస అదే. దాని పక్కన రెండో వరస ఒకటి పెట్టమని కోరుతున్నాను. పల్లెలో పొదుపు సంఘం ఆడవాళ్ళతో నేను మాట్లాడాను. నాలుగు వందల మందికి చింతకాయ నెత్తళ్ళు, చోడి అంబలి, గోంగూర తామే వండి తామే వడ్డిస్తామన్నారు, క్యాటరరు రేటుకే. వంట మన బడి ఆవరణలోనే, తినేది ఒకే షామియానా కింద, పళ్ళేలు ఒకటే రకం. కార్యవర్గం ఇంకా తేల్చలేదు. అభ్యంతరం ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు ఇద్దరూ కార్యదర్శికి ముందే ఫోను చెయ్యండి, ఆవిడ చేపకు ముందురోజే బయానా ఇవ్వాలి.

వండించుకోకుండా కొనుక్కు వెళ్ళేవాళ్ళు ఉదయం ఆరున్నరకల్లా ఒడ్డుకు రండి. లైటుహౌసు వైపు నుంచి దిగితే తెప్పలు కనిపిస్తాయి. సంచీ, చిల్లర తెచ్చుకోండి. వాళ్ళ దగ్గర ఫోన్‌పే ఉంది గానీ తడిచేతులతో ఫోను తియ్యరు.